వెన్నెలా? మసకా? - పాత సినిమా డిస్కు చూసేటప్పుడు

తెలుగునేలకు దూరంగా తరాల కిందటే స్థిరపడిన మన ఇళ్లలో పాత సినిమాకు ఉన్న పని వేరు. హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పుట్టి, బడిలో తమిళమో ఒడియానో మరాఠీనో చదువుకునే పిల్లలకు శశిరేఖా పరిణయం కథ తెలిసేది ‘మాయాబజార్’ వల్ల. పద్యం అంటే ఎలా ఉంటుందో చెవికి తగిలేది ‘లవకుశ’ వల్ల. అందుకే పండుగపూట తాతగారు డిస్కు పెట్టి పిల్లల్ని కేకేసి కూర్చోబెట్టుకున్నప్పుడు, పది నిమిషాలకే వాళ్లు లేచిపోతే ఆయన మనసు చివుక్కుమంటుంది. “బొమ్మ మసగ్గా ఉంది తాతయ్యా” అంటారు వాళ్లు. “ఆ రోజుల్లో కెమేరాలు అంతేరా” అని ఆయన సర్దిచెబుతారు.

ఈ సర్దిచెప్పడం దగ్గరే నాకు పేచీ. ఆ రోజుల్లో కెమేరాలు అలా లేవు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము మీద, మద్రాసు విజయా వాహినీ స్టూడియోలో, మార్కస్ బార్ట్‌లీ అనే ఆంగ్లో ఇండియన్ ఛాయాగ్రాహకుడు తీసిన బొమ్మలో ఉన్న వివరం మన డీవీడీ పట్టగలిగేదానికంటే ఎక్కువ. 1957 నాటి ‘మాయాబజార్’లో పడవ పాట వెన్నెల స్టూడియో లోపల దీపాలతో పుట్టించిన వెన్నెల. నలుపుకూ తెలుపుకూ మధ్య ఉన్న బూడిదరంగు ఛాయలన్నిటినీ మెట్లు మెట్లుగా వాడుకుని చేసిన పని అది. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘గుండమ్మ కథ’లకు కెమేరా పట్టిందీ ఆయనే. మన టీవీలో ఆ వెన్నెల సున్నం కొట్టిన గోడలా కనిపిస్తే తప్పు బార్ట్‌లీది కాదు, తరువాత చేతులు మారినప్పుడు జరిగింది.

ఎలా జరిగిందంటే - కెమేరాలో తిరిగిన నెగెటివ్ నుంచి థియేటర్లకు ప్రింట్లు వేస్తారు. ఆ ప్రింటు ఊరూరా తిరిగి, టూరింగ్ టాకీసుల్లో నలిగి, వాన కురిసినట్టు గీతలు పడుతుంది. వీడియో రోజులు వచ్చాక అలాంటి ప్రింటునే టేపు మీదికి ఎక్కించినవాళ్లు ఉన్నారు. ఆ టేపు నుంచి మరో టేపు, ఆ టేపు నుంచి డిస్కు. ప్రతి మెట్టులోనూ కొంత నలుపు, కొంత తెలుపు, కొంత పదును జారిపోతూ వస్తాయి. మేలైన డిస్కుకు మూలం నెగెటివో, దాని నుంచి నేరుగా తీసిన మంచి ప్రింటో అయి ఉండాలి. అవి అన్ని సినిమాలకూ దొరకవు. 1950ల తొలినాళ్ల వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకునే సరుకు. 2003 జనవరిలో పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో జరిగిన అగ్నిప్రమాదంలో మన దేశపు తొలినాటి నైట్రేట్ రీళ్లు ఎన్నో బూడిదయ్యాయి.

సరే, చేతిలో ఉన్న డిస్కు మూలం ఏదో అట్ట మీద రాయరు. అట్ట మీద అందరూ రాసేది ‘క్రిస్టల్ క్లియర్’ అనే! బొమ్మనే అడగాలి. కుడివైపు పై మూలలో అప్పుడప్పుడు ఒక చుక్క మెరిసి మాయమవుతుంటే అది థియేటర్ ప్రింటు నుంచి తీసినది. రీలు అయిపోవస్తోందని ఆపరేటరుకు గుర్తు ఆ చుక్క. దాని వెంటనే మాట సగంలో తెగి బొమ్మ ఎగిరితే, రీలు కొసలు చిరిగిన ప్రింటన్నమాట. తెర అడుగున సన్నని పట్టీ ఒకటి వంకర్లు పోతూ వణుకుతుంటే మధ్యలో క్యాసెట్టు దశ ఉన్నట్టు. ఇంకో తమాషా ఉంది. నలుపు తెలుపు సినిమాలో సావిత్రి కట్టిన సన్నగీతల చీర మీద ఇంద్రధనుస్సు పాకితే ఆశ్చర్యపోకండి. వెలుగునూ రంగునూ ఒకే తీగలో కలిపి పంపే పాత వీడియో పద్ధతి చేసే చేష్ట అది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష మాత్రం టైటిళ్లు. మన లిపి ఇందుకు భలే పనికొస్తుంది. ఆ రోజుల్లో చిత్రకారులు చేత్తో రాసిన అక్షరాలవి. సాంకేతిక సిబ్బంది పేర్లు వచ్చే చిన్న అక్షరాల దగ్గర డిస్కు ఆపి ఒత్తులు చూడండి. ద కింద వత్తు, ధ కింద వత్తు వేరువేరుగా తెలుస్తున్నాయా? సున్నా సున్నాలాగే ఉందా, పూడిపోయిందా? వీసీడీలో నిలువునా ఉండేది 288 గీతలే, డీవీడీలో 576, బ్లూరేలో 1080. వీసీడీ మీద చిన్న ఒత్తులు ముద్దకట్టడం సహజం, దాన్ని తప్పుపట్టలేం. డీవీడీ మీద కూడా ముద్దగానే ఉంటే లోపల ఉన్నది వీసీడీ నాటి సరుకే, అట్ట మాత్రం కొత్తది. పిల్లల చేత ఆ పేర్లు చదివించారంటే అక్షరాల అభ్యాసం కూడా అయిపోతుంది. పాటలు రాసిన పింగళి, సంగీతం చేసిన ఘంటసాల ఎవరో చెప్పడానికి అదే సందు.

రెండో పరీక్ష చంద్రుడు. రథచక్రమైనా, భోజనాల పళ్లెమైనా సరే. గుండ్రటిది గుండ్రంగా ఉందా? 1950ల సినిమా చట్రం దాదాపు పాత టీవీ ఆకారంలోనే, నాలుగుకు మూడు లెక్కన ఉండేది. ఇప్పటి టీవీలు పదహారుకు తొమ్మిది. తెర అంతా నిండాలని సాగదీస్తే చంద్రుడు గుడ్డవుతాడు, ఎస్.వి. రంగారావు మరింత విశాలమవుతారు (ఆయనకు ఆ అవసరం లేదు). సాగదీయకుండా పెద్దది చేస్తే ఎత్తులో నాలుగోవంతు తెగిపోతుంది. పైన కిరీటం పోతుంది, కింద పాదాలు పోతాయి. కూచిపూడి వారి అడుగులు కనిపించని నృత్యం ఏం నృత్యం! పక్కల నల్ల పట్టీలు ఉండటమే సరైన బొమ్మకు గుర్తని ఇంట్లో అందరికీ చెప్పి, టీవీ మీట నాలుగుకు మూడులో పెట్టండి. సినిమాస్కోపు సంగతి దీనికి తలకిందులు. 1974లో వచ్చిన ‘అల్లూరి సీతారామరాజు’ తెలుగులో మొదటి సినిమాస్కోపు చిత్రం. దాన్ని పాత టీవీకి సరిపడేట్టు కత్తిరిస్తే వెడల్పులో ఐదింట రెండు వంతులకు పైగా ఎగిరిపోతుంది. మన్యం కొండలూ, జనసమూహాలూ అందులోనే కొట్టుకుపోతాయి. అలాంటి చిత్రాలకు పైనా కిందా నల్ల పట్టీలు ఉన్న డిస్కే వెతకాలి.

ఇక ముఖాలు. ఫిల్ము మీద సన్నని రవ్వలాంటి నలత ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. అది ఫిల్ము స్వభావం, దుమ్ము కాదు. కొన్ని కంపెనీలు ఆ రవ్వను కంప్యూటర్‌తో తుడిచేస్తాయి. దానితోపాటు చర్మపు గీతలూ, కురుల పోగులూ, పట్టుచీర నేత కూడా పోయి, మనుషులు కొండపల్లి బొమ్మల్లా నున్నగా తేలతారు. మొదటి చూపుకు ‘ఆహా, ఎంత శుభ్రంగా ఉందో’ అనిపిస్తుంది. ముంగురులు చూడండి, తెలిసిపోతుంది. కాస్త రవ్వ కదిలినా ముంగురులు పోగు పోగుగా తెలిసే డిస్కుకే నా ఓటు.

చీకటి దృశ్యాల్లో ఇంకో రోగం బయటపడుతుంది. ‘పాతాళభైరవి’లో మాంత్రికుడి గుహ, పొగ, మంటలు వచ్చేచోట బొమ్మ ఇటుకలు పేర్చినట్టు గళ్లుగా విడిపోతే డిస్కులో సరుకు ఇరికించారని అర్థం. ఒక పొర డీవీడీలో పట్టేది 4.7 గిగాబైట్లు. మూడు గంటల సినిమా ఒక్కటే అందులో సర్దుకుని కూర్చోవాలి. ‘మూడు సినిమాలు ఒకే డిస్కులో’ అన్నది బేరానికి బాగుంటుందేగానీ, ముగ్గురు కూర్చునే బెంచీ మీద తొమ్మిదిమందిని కూర్చోబెట్టినట్టే.

తమిళనాట ఉన్నవారికి ఒక సౌకర్యం ఉంది. ‘మాయాబజార్’ అప్పుడే తమిళంలోనూ తీశారు. అభిమన్యుడిగా అక్కినేని స్థానంలో జెమినీ గణేశన్, లక్ష్మణకుమారుడిగా రేలంగి స్థానంలో తంగవేలు. రంగారావు, సావిత్రి రెండింటిలోనూ ఉన్నారు. ‘దేవదాసు’ కూడా 1953లో రెండు భాషల్లోనూ వచ్చింది, కెమేరా కన్నడదేశపు బి.ఎస్. రంగాది. రెండు డిస్కులూ దొరికితే ఒకే ఘట్టాన్ని ఒకదాని తర్వాత ఒకటి వేసి చూడండి. కెమేరా అదే, స్టూడియో అదే. ఒకదానిలో ముఖం వెలిగి, ఇంకోదానిలో ఆరిపోయిందంటే తేడా ఎవరి చేతిలో వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

రంగుల చిత్రాల కష్టం మరోరకం. నలుపు తెలుపు బొమ్మను నిలబెట్టేది వెండి, రంగు బొమ్మను నిలబెట్టేవి అద్దకాలు. అద్దకం వెలిసిపోతుంది. నీలిపచ్చ వన్నె తగ్గినకొద్దీ అంతా గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. తెలుగులో మొదటి పూర్తి రంగుల చిత్రమైన ‘లవకుశ’ (1963) మొదలు ఆ తరం చిత్రాలు చూసేటప్పుడు ఆకులు పచ్చగా ఉన్నాయా, పౌరాణికాల్లో దేవుడి వేషానికి పూసిన నీలం వంగపండు రంగుకు తిరిగిందా గమనించండి. టీవీ రంగు మీట పెంచితే ఎరుపే ఇంకా పెరుగుతుంది. దీపం వెలుగును నమ్ముకుని బాలు మహేంద్ర తీసిన ‘శంకరాభరణం’ (1980) వంటి వాటికి వెలుతురు మీట పెంచడమూ అపచారమే.

2010 జనవరిలో ‘మాయాబజార్’ రంగులద్దుకుని థియేటర్లకు వచ్చింది. హైదరాబాదు సంస్థ గోల్డ్‌స్టోన్ చేసిన పని అది. ధ్వనిని డీటీఎస్‌కు మార్చారు, గీతలు తుడిచారు. పిల్లలు దాన్ని చూసి సంతోషిస్తే చూడనివ్వండి, నేను అడ్డురాను. బార్ట్‌లీ వెన్నెల మాత్రం అందులో లేదు. బూడిద ఛాయలతో కట్టినదాని మీద రంగు పూస్తే కింది కట్టడం మూసుకుపోతుంది. రెండూ ఇంట్లో ఉంచి, మొదట రంగులది, ఏడాది తిరిగాక అసలుది చూపిస్తే సరి.

నిడివి సంగతి చెప్పకపోతే పద్యాభిమానులు నన్ను క్షమించరు. సినిమా సెకనుకు 24 బొమ్మలు, మన దేశపు టీవీ పద్ధతి 25. కొన్ని డిస్కుల్లో ఆ లెక్క సరిపెట్టడానికి వేగం పెంచేస్తారు. అప్పుడు 180 నిమిషాల చిత్రం కత్తెర పడకుండానే 173 నిమిషాలకు ముగుస్తుంది. ఘంటసాల గొంతు కూడా ఒక స్వరస్థానంలో మూడింట రెండు వంతులకు పైగా పైకెక్కుతుంది. హార్మోనియం ఉన్న ఇంట్లో ఆ పాట మెట్ల మధ్య పడి ఏ శ్రుతికీ అందదు. తగ్గింది అంతకుమించి ఉంటే మాత్రం కత్తెరే. ‘లవకుశ’ మూడున్నర గంటలకు కాస్త తక్కువ, పాటలూ పద్యాలూ కలిపి ముప్పైకి పైగా ఉన్నాయి. కత్తెర పట్టినవాడికి మొదట దొరికేవి పద్యాలే. బొమ్మ మసగ్గా ఉన్నా పద్యాలన్నీ ఉన్న పాత వీసీడీ సెట్టు మీ బీరువాలో ఉంటే, కొత్తది కొన్నామని దాన్ని పారేయకండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతులు చాలామటుకు ఈ పాత వీడియోల నుంచి వచ్చినవే, అక్కడ అన్నీ ఉంటాయని భరోసా లేదు.

డిస్కును నిలువుగా పెట్టెలో ఉంచండి. తుడిచేటప్పుడు మెత్తని నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడిస్తే గీత పడ్డచోట డిస్కు చదవదు. అట్ట లోపల ఒక చీటీ పెట్టండి: ఎన్ని నిమిషాలు, ఏ పాట లేదు, ఏ పద్యం సగంలో తెగింది. మీ సంఘం గ్రంథాలయంలో అదే సినిమా ఇంకో ప్రతి ఉంటే దాని చీటీతో పోల్చి చూడవచ్చు.