ఆఖరి ఇన్నింగ్సు

బేస్‌బాల్ క్రీడలో ఒక్కొక్క జట్టుకు తొమ్మిది ఇన్నింగ్సులు ఉంటాయి. ఆటను ఆరంభించిన పిచ్చర్ అలసిపోయినా, తడబడినా అతని స్థానంలో బంతిని అందుకొనేవాడే రిలీఫ్ పిచ్చర్. తప్పుకొన్నవాడు తిరిగి రంగంలోకి దిగే అవకాశం, క్రికెట్ బౌలర్‌కు ఉన్నట్లుగా, ఇక్కడ లేదు. స్వల్పమైన ఆధిక్యాన్ని చివరి వరకు కాపాడే రిలీఫ్ పిచ్చర్‌ను ‘క్లోజర్’ అంటారు. అతడు విజయాన్ని నిలిపితే అతని పేరిట ఒక ‘సేవ్’ నమోదవుతుంది. ఈ గణన అధికారికంగా మొదలైనది 1969లో. ఇందులో అందరినీ మించిన మరియానో రివేరా పనామా దేశంలో జన్మించినది కూడా ఆ సంవత్సరమే కావడం ఒక విశేషం.

రివేరా జాలరుల కుటుంబంలో పెరిగాడు. తండ్రితోపాటు చేపల పడవపై పనిచేశాడు. బాల్యంలో పాల అట్టపెట్టెలే అతనికి చేతితొడుగులు. 1990లో న్యూయార్క్ యాంకీస్ సంస్థ అతణ్ణి చేర్చుకొన్నది. 1995లో ప్రధాన జట్టులోకి ఆరంభ పిచ్చర్‌గా వచ్చినా ఆ పనిలో రాణించలేదు. 1997లో క్లోజర్ అయ్యాడు. ఆ యేడాదే, సహచరునితో బంతి విసురుకొంటూ సాధన చేస్తుండగా, అతని బంతి చివరి క్షణంలో అనూహ్యంగా పక్కకు జరగసాగింది. అదే ‘కట్టర్’. ఎడమచేతి బ్యాటర్ల చేతుల వైపు దూసుకువచ్చే ఆ బంతికి ఎన్నో బ్యాట్లు విరిగాయి. దాదాపు ఆ ఒక్క బంతితోనే అతడు పదహారేళ్ళు నెట్టుకొచ్చాడు.

క్లోజర్ పొరపాటును సరిదిద్దేవారు వెనుక ఎవరూ ఉండరు. 2001 వరల్డ్ సిరీస్ చివరి పోటీలో అరిజోనాపై యాంకీస్ 2–1 ఆధిక్యంలో ఉండగా తొమ్మిదో ఇన్నింగ్సులో రివేరా బంతి వేస్తున్నాడు. బంట్‌ను అందుకొని అతడు చేసిన విసురు గురి తప్పింది. కొద్దిసేపటికే స్కోరు సమమైంది. చివరకు లూయిస్ గొంజాలెజ్‌ను కట్టర్ ఇబ్బంది పెట్టనే పెట్టింది. బ్యాట్‌కు సరిగా తగలని ఆ బంతి, ముందుకు జరిగి నిలిచిన ఫీల్డర్ల తలల మీదుగా మెల్లగా పడింది. బంతి పనిచేసింది, ఆట మాత్రం చేజారింది.

2012లో మోకాలికి తీవ్రమైన గాయమైనప్పుడు రివేరా వయస్సు 42. మరుసటి యేడు తిరిగివచ్చి 44 సేవ్‌లు సాధించి, మొత్తం 652తో విరమించాడు. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్ ఎన్నికలో మొత్తం 425 ఓట్లూ అతనికే లభించాయి. రచయితల ఓటింగులో అట్టి ఏకగ్రీవం అదే మొదటిసారి. బేబ్ రూత్‌కు సైతం అది దక్కలేదు.