గోదారి పుట్టిన ఊళ్లోనే... సినిమా తాతగారూ పుట్టారు!

ఓ చిన్న ప్రశ్న. మన గోదావరి ఎక్కడ పుట్టింది?

‘‘ఆమాత్రం తెలీదా! నాసిక్ దగ్గర త్ర్యంబకంలో’’ అని ఠక్కున చెప్పేస్తారు మీరు. సరే, ఇంకో ప్రశ్న. ‘రాజా హరిశ్చంద్ర’ (1913) తీసి, భారతీయ సినిమాకి తండ్రి అనిపించుకున్న దాదాసాహెబ్ ఫాల్కే ఎక్కడ పుట్టారు?

తల గోక్కుంటున్నారా? అక్కడేనండీ! ఆ త్ర్యంబకంలోనే! 1870 ఏప్రిల్ 30న. అంటే మనలాంటి సినిమా పిచ్చివాళ్లకి అది ఒక టిక్కెట్టు మీద రెండు ఆటలు చూపించే ఊరన్నమాట.

ఈ సంగతి తెలిసి బయల్దేరింది మాత్రం నేనొక్కణ్ణే. మావాళ్లంతా పుణ్యం కోసం వచ్చారు. ఆ పుణ్యం వెనకా ఓ సినిమా కథ ఉంది... చెబుతాను.

మా అమ్మ వాళ్ల నాన్న టూరింగ్ టాకీస్‌లో ఆపరేటరు. కోనసీమ లంకల్లో డేరా వేసి, రోజుకి రెండాటలు ఆడించి, ఊరు మారినప్పుడల్లా ప్రొజెక్టరుని పడవెక్కించి ఏరు దాటించిన మనిషి. ‘మూగమనసులు’ (1964) ఎన్నిసార్లు ఆడించాడో లెక్కేలేదట. ‘‘ఈ గోదారి పుట్టిన చోటు చూసి, అక్కడో మునకేసి రావాలే అమ్మాయ్’’ అని మా అమ్మతో అంటూ ఉండేవాడట. వెళ్లలేదు. మొదట సెలవు దొరక్క, తర్వాత డబ్బు దొరక్క, ఆ తర్వాత ఆయనే దొరక్క.

2015 పుష్కరాల్లో రాజమండ్రి రేవులో మునిగి లేచినప్పుడు అమ్మ అనుకుందట, నాన్న చూడాలనుకున్న చోటు తనైనా చూడాలని. అప్పట్నుంచి ఏటా ‘వచ్చే ఏడు’ అయింది. ఈలోగా మోకాళ్లు అరిగాయి. మెట్లు ఎక్కొద్దని డాక్టరు గారు కాయితం మీద రాసి మరీ ఇచ్చారు. ఆ కాయితం నాన్నగారు జేబులోనే పెట్టుకు తిరుగుతున్నారు. ఇక ఆగితే లాభం లేదని 2023 కార్తీకంలో అమ్మే ముహూర్తం పెట్టేసింది.

ఎదురీత

అమ్మ, నాన్నగారు, అక్క, బావ, పదమూడేళ్ల మేనకోడలు రాజమండ్రిలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో దిగారు. (రైలు పేరు కూడా కలిసొచ్చింది చూశారా!) అక్కణ్ణుంచి బావ స్నేహితుడి ఇన్నోవా. స్టీరింగు బావది, పాటల పెట్టె పాపది, పులిహోరా ఆవకాయా అమ్మవి, డాక్టరు కాయితం నాన్నగారిది.

నిజామాబాదు దాటి బాసరలో తొలి మజిలీ. సరస్వతీదేవి దర్శనం చేసుకుని గట్టుకెళ్తే మళ్లీ మన గోదారే! కాకపోతే రాజమండ్రిలో వంతెన పొడుగునా ఇంచుమించు మూడు కిలోమీటర్లు పరుచుకుని కనిపించే మనిషి, ఇక్కడ కాస్త సన్నబడింది. ‘‘చిన్నప్పటి ఫొటో చూసినట్టుంది’’ అంది అక్క. నిజమే, మేం వెళ్తున్నది ఫ్లాష్‌బ్యాకులోకే కదా!

రాత్రికి నాందేడ్. గోదావరి ఒడ్డునే సిక్కుల హజూర్ సాహిబ్ గురుద్వారా. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించింది ఇక్కడే. లంగరులో అందరితోపాటు నేల మీద కూర్చుని రొట్టె, పప్పు తిన్నాం. అమ్మ పులిహోర డబ్బా కారులోనే ఉండిపోయింది.

మర్నాడు పర్భణీ, జాల్నా దాటాం. మధ్యలో ఓ టైరు పంక్చరు, రెండు గంటలు చెట్టు కింద కాలక్షేపం, అది వదిలేద్దాం. ఔరంగాబాదు... 2023లో పేరు మార్చారు, ఇప్పుడది ఛత్రపతి శంభాజీనగర్. అక్కడ ఎల్లోరా బోర్డు చూసి పాప గొడవ చేసినా బావ కారు పైఠాన్ వైపు తిప్పాడు.

తిప్పినందుకు మంచిదే అయింది. పైఠాన్ అంటే ఏమిటనుకున్నారు? శాతవాహనుల ప్రతిష్ఠానపురం! పక్కనే జాయక్‌వాడీ ఆనకట్ట, నాథసాగరం. గోదారిని సముద్రంలా చూడాలంటే మన ధవళేశ్వరమే అక్కర్లేదు, ఇక్కడా చూడొచ్చు. మా అక్క మాత్రం ఆ నీళ్ల వంక ఒక్క చూపు చూసి, పైఠణీ చీరల వంక గంటసేపు చూసింది. బావ ముఖం చూస్తే జాలేసింది.

పర్ణశాలా? పంచవటా?

నాసిక్‌లో అసలు గొడవ మొదలైంది. రామ్‌కుండ్, కాలారామ్ గుడి, సీతాగుఫా అన్నీ పంచవటి పేటలోనే ఉన్నాయి. లక్ష్మణస్వామి శూర్పణఖ నాసిక కోసిన చోటు కాబట్టి ‘నాసిక్’ అయిందట. వింటున్న బావకి రోషం వచ్చింది.

‘‘అదేమిటండీ అత్తయ్యగారూ! మరి మన భద్రాచలం దగ్గర పర్ణశాల మాటేమిటి? సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న చోటు కూడా చూపిస్తారు కదా!’’

అమ్మ ఏమాత్రం తడుముకోలేదు. ‘‘పద్నాలుగేళ్లున్నారు కదా బాబూ అడవిలో... అక్కడా ఉండుంటారు, ఇక్కడా ఉండుంటారు. రెండూ గోదారొడ్డే కదా!’’

ఇంత చక్కటి రాజీ ఏ కోర్టులోనూ కుదరదు. అన్నట్టు కాలారామ్ గుడి దగ్గర పాప ఆగిపోయింది. దళితుల ఆలయ ప్రవేశం కోసం 1930 మార్చిలో అంబేద్కర్ సత్యాగ్రహం మొదలుపెట్టింది ఈ గుడి ముందే. పాఠంలో చదివిందట. లోపల రాముడి కన్నా బయటి ఆ వాకిలినే ఎక్కువసేపు చూసింది.

రామ్‌కుండ్ దగ్గర జనం ‘గంగ’ అంటున్నారు గానీ గోదావరి అనడం లేదు. ఆ గట్టు పేరు కూడా గంగాఘాటే. అన్నట్టు, మనం గోదావరి పుష్కరాలు చేసే యోగమూ, వీళ్లు నాసిక్, త్ర్యంబకాల్లో సింహస్థ కుంభమేళా చేసే యోగమూ ఒకటే, బృహస్పతి సింహరాశిలో ప్రవేశించడం. మనం అక్కడ మునుగుతుంటే వీళ్లు ఇక్కడ మునుగుతారు!

ఏడొందల మెట్లు

నాసిక్ నుంచి త్ర్యంబకం ముప్ఫై కిలోమీటర్ల లోపే. ఊరి నెత్తిన గోడలా నిలబడ్డ నల్లటి కొండే బ్రహ్మగిరి. ఇక్కణ్ణుంచి అరేబియా సముద్రం సుమారు ఎనభై కిలోమీటర్లు. పక్కనున్న సముద్రాన్ని కాదని, 1,465 కిలోమీటర్లు నడిచి మన బంగాళాఖాతంలో కలుస్తుందీ తల్లి! హీరోయిన్ అంటే ఇలా ఉండాలి. ఎదురింటి సంబంధం వదిలేసి మనసైనవాడి కోసం దేశం దాటింది.

త్ర్యంబకేశ్వరుడి గుడి నల్లరాతి కట్టడం. మూడో పీష్వా బాలాజీ బాజీరావు కట్టించాడు. పన్నెండు జ్యోతిర్లింగాల్లో ఒకటి. పానవట్టంలోని గుంటలో బొటనవేలంత లింగాలు మూడు, బ్రహ్మ విష్ణు మహేశ్వరులు. దూరం నుంచి కనబడవని పైన అద్దం అమర్చారు. ఆ అద్దంలో స్వామి క్లోజప్ చూసి దణ్ణం పెట్టుకున్నాం.

కథ మీకు తెలిసిందే. గౌతముడి పొలంలో మేస్తున్న ఆవు ఆయన అదిలించిన దర్భకే ప్రాణం విడిచింది. ఆ పాపం పోగొట్టుకోడానికి ఆయన తపస్సు చేసి శివుడి జటలోంచి గంగను దింపాడు. అందుకే ఆమె గౌతమి. మన కొవ్వూరు గోష్పాద క్షేత్రంలో చెప్పే కథా ఇదే. స్క్రీన్‌ప్లే మాత్రం ఇక్కడ తమాషాగా ఉంటుంది. కొండ మీద మేడిచెట్టు మొదట్లో కనిపించి మాయమవుతుంది. ఫేడవుట్! కొండ నడుమన గంగాద్వారంలో మళ్లీ కనిపిస్తుంది. ఫేడిన్! మళ్లీ మాయం. చివరికి ఊళ్లో కుశావర్తం అనే కోనేట్లో గౌతముడు దర్భలు అడ్డం వేసి ఆపితే గానీ నిలవలేదట.

గంగాద్వారానికి ఏడొందలకు పైగా రాతిమెట్లు. మొదటి మెట్టు దగ్గర నాన్నగారు జేబులోంచి కాయితం తీశారు.

‘‘ఏమేవ్! డాక్టరు ఏం రాశాడో చదవనా?’’

‘‘నాకూ చదువొచ్చండీ’’ అని అమ్మ కొంగు బొడ్లో దోపింది.

పది మెట్లెక్కడం, కూర్చోవడం. పది మెట్లెక్కడం, కూర్చోవడం. కోతులొచ్చి పాప చేతిలో శనగల పొట్లం లాక్కుపోయాయి. నూటయాభై మెట్ల దగ్గర నాన్నగారికే ఆయాసం వచ్చింది! నిమ్మరసం అమ్మే ఆవిడ పక్కన చతికిలబడి, ‘‘మీరు పదండి, నేనిక్కడ చెప్పులు చూస్తుంటాను’’ అన్నారు. అందరి చెప్పులూ అందరి కాళ్లకే ఉన్నాయనుకోండి.

మూడొందల మెట్ల దగ్గర అమ్మ మోకాలు పట్టేసింది. ఈసారి నిజంగానే. రాయి మీద కూర్చుని కళ్లు మూసుకుంది. అక్క ఏడుపు మొహం పెట్టింది. నేను కిందికి దిగిపోదామన్నాను. అమ్మ మాట్లాడలేదు. ఓ పావుగంట అయ్యాక పాపే అంది, ‘‘అమ్మమ్మా, నువ్వు ఎక్కొద్దు. నా భుజం పట్టుకుని ఊరికే నుంచో చాలు.’’

అలా నుంచున్న మనిషి ఇంకో మెట్టెక్కింది. తర్వాత ఇంకోటి. మామూలు వాళ్లు గంటలో ఎక్కే దారి మాకు మూడుగంటలు పట్టింది.

పైన ఏముందనుకున్నారు? కొండని ఆనుకుని చిన్న గుడి, గోదావరీమాత విగ్రహం, రాతి గోముఖం. ఆ గోముఖంలోంచి నీళ్లు ధారగా కూడా కాదు... చుక్క, చుక్క, చుక్క.

‘‘ఇంతేనా!’’ అంది పాప.

అమ్మ దోసిలి పట్టింది. నిండడానికి చాలాసేపే పట్టింది. ఆ దోసిట్లోకి చూస్తూ, ‘‘ప్రొజెక్టరు పాడైన రోజుల్లో ఇంట్లోనే ఉండేవాడు... అప్పుడైనా తీసుకొచ్చుంటే బావుణ్ణు’’ అంది. వాళ్ల నాన్న గురించి. తాగింది, కాస్త తలమీద జల్లుకుంది. తర్వాత సీసా మూత తీసి గోముఖం కింద పెట్టి, పక్కనే కూర్చుంది. ఎవరం తొందరపెట్టలేదు.

దిగాక కుశావర్తంలో కాళ్లు తడుపుకున్నాం. ఆ పైన, పుట్టింటి నుంచి నది ఎలా వెళ్తుందో చూద్దామని వెతికాం. ఊళ్లో కొంతదూరం సిమెంటు శ్లాబు కింద పోతోంది నది! పైన మనుషులు, బళ్లు. ఇంత చరిత్ర ఉన్న నాయికకి ఎంట్రీ సీనే లేకుండా కోసేసినట్టుంది. నాకు మాత్రం ఒళ్లు మండింది.

ఇక రెండో ఆట

ఫాల్కేగారి కోసం మర్నాడు నాసిక్ శివార్లలో పాండవ్‌లేణీ కొండకెళ్లాం. కొండ కింద ఆయన స్మారకం ఉంది. పౌరోహిత్యం చేసే సంస్కృత పండితుడి కొడుకు. బొంబాయిలో జె.జె. స్కూల్లో బొమ్మలు నేర్చుకున్నాడు, అచ్చుపని చేశాడు. క్రీస్తు జీవితం మీద వచ్చిన ఓ సినిమా చూసి ‘మన రాముడూ కృష్ణుడూ తెరమీద కదలరా’ అని పట్టుపట్టాడు. 1912లో లండన్ వెళ్లి కెమేరా కొనుక్కొచ్చాడు. వేషం వేయడానికి ఆడవాళ్లు ఎవరూ రాకపోతే, హోటల్లో వంటపని చేసే సాలుంకే అనే కుర్రాడికి తారామతి వేషం వేయించాడు. అదే సాలుంకే ‘లంకాదహన్’ (1917)లో రాముడూ తనే, సీతా తనే! మన ఎన్టీఆర్ ‘శ్రీరామ పట్టాభిషేకం’ (1978)లో రాముడూ రావణుడూ తానే అయితే ఔరా అనుకున్నాం కదా, మరి దీన్నేమంటారు?

తర్వాత ఫాల్కే నాసిక్‌కే వచ్చేశారు. ఇక్కడే సినిమాలు తీశారు, 1944 ఫిబ్రవరి 16న ఇక్కడే కన్నుమూశారు. తీసిన ఒకే ఒక్క టాకీ, ఆఖరి సినిమా పేరు తెలుసా? ‘గంగావతరణ్’ (1937)! గంగ దిగిన ఊళ్లో పుట్టినాయన గంగ దిగిన కథతోనే ముగించారు. ఆయన పేరున్న అవార్డు మన బి.ఎన్.రెడ్డి, ఎల్.వి.ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్‌ల ఇళ్లకి నడిచొచ్చింది. గోదారి వచ్చిన దారే!

ఫాల్కేగారి భార్య సరస్వతీబాయి ఫిలిం డెవలప్ చేయడం నేర్చుకుని, యూనిట్ మొత్తానికి వంట కూడా చేసిందని చెప్పాను. అమ్మ వెంటనే, ‘‘మరి ఆవిడ పేరు మీద అవార్డు లేదేంరా?’’ అంది. మీదగ్గర జవాబుంటే చెప్పండి.

అదే కొండ మీది గుహల్లో గౌతమీ బాలశ్రీ వేయించిన శాసనం ఉంది. కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి గొప్పతనాన్ని, మనవడి ఏలుబడిలో ఆ తల్లి రాతిమీద చెక్కించింది. 2017 సంక్రాంతికి బాలకృష్ణ నూరో సినిమాగా వచ్చిన కథకి వేరు ఇక్కడుందన్నమాట. ‘‘హేమమాలిని రాయించిందా మావయ్యా!’’ అని పాప గుహ మారుమోగేలా అరిచింది. ఇక్కడా మెట్లే. ఈసారి అమ్మ కారులోనే కూర్చుంది, నాన్నగారు మాత్రం చివరిదాకా ఎక్కారు. నిన్నటి కసి!

వెళ్లాలనుకునే కుర్రకారుకి రెండు మాటలు. వానల్లో బ్రహ్మగిరి మెట్లు బాగా జారతాయి, ఎండాకాలం గోముఖంలో చుక్క కోసం కాచుక్కూచోవాలి. కార్తీకమే మేలు. తినుబండారాలు కోతుల కంట పడనీయకండి. నాసిక్‌లో మిసళ్ పావ్ తినకుండా రాకండి. కారం మన గుంటూరుకి తీసిపోదు.

ఆ సీసా రాజమండ్రి ఇంట్లో దేవుడి గూట్లో ఉంది. నాన్నగారు దానికి తారీఖు రాసిన చీటీ అంటించారు. డాక్టరు కాయితం వెనకవైపు చింపి.