తెల్లనివన్నీ ఒకే కొంగ కాదు

పిట్టల్ని గుర్తుపట్టడం ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా అడిగితే నేను అడవి పేరు చెప్పను. సంక్రాంతి ముందు మా డెల్టాలో దాళ్వాకు దమ్ము చేస్తున్న చేను గట్టు మీదికి రమ్మంటాను. అక్కడ దిగిన కొంగలన్నీ తెలుపే. రంగు చూసి పేరు చెప్పే వీల్లేదు కాబట్టి చూపు ముక్కు మీదికి, కాళ్ల మీదికి, నడక మీదికి మళ్లక తప్పదు. ఇంతకంటే మంచి బడి నాకు తెలియదు.

ట్రాక్టర్ వెనకాలే గుంపుగా నడుస్తూ, మన్ను తిరగబడగానే బయటపడే పురుగుల్ని ఏరుకునేది పశువుల కొంగ. పొట్టి మెడ, పసుపు ముక్కు.

చిన్న తెల్లకొంగ అలా గుంపు వెంట పడదు. దాని ముక్కు నలుపు, కాళ్లు నలుపు, పాదాలు మాత్రం పసుపు. బురదలో ఆ పసుపు కనిపించదు, కాస్త ఓపిక పట్టాలి. పక్కనున్న బోదెలో తేట నీళ్లలోకి దిగినప్పుడు చూడండి. ఒక కాలు ముందుకు చాపి, వేళ్లతో అడుగునంతా వణికిస్తుంది. దాక్కున్న చేపపిల్ల బెదిరి కదులుతుంది, ఆ క్షణంలోనే ముక్కు పడుతుంది. ఎగిరినప్పుడు కాళ్లు తోక దాటి వెనక్కి చాచుకుంటాయి. ఆ పసుపు పాదాలు కనిపించాయా, ఇక సందేహం అక్కర్లేదు.

అసలు పరీక్ష పెద్ద తెల్లకొంగ, మధ్యరకం తెల్లకొంగల దగ్గర. ఈ కాలంలో రెండింటి ముక్కూ పసుపే, పాదాలు నలుపే. నోటి చీలిక గీత పెద్దదానికి కన్ను దాటి వెనక్కి పోతుంది, మధ్యరకానికి కంటి కిందే ఆగిపోతుంది. దీనికి బైనాక్యులర్ కావాలి. 8×42 రకం చాలు. 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. అంతకు మించి పెద్దగా చూపించేవి తీసుకుంటే చెయ్యి వణికినప్పుడల్లా బొమ్మా వణుకుతుంది.

పుస్తకం మాత్రం చివర్లో తెరవండి. ముందు చూసింది రాసుకోండి. అమెరికాలో రోజర్ టోరీ పీటర్సన్ 1934లో వేసిన పుస్తకంలో, బొమ్మ మీద ఎక్కడ చూడాలో చిన్న బాణం గుర్తుతో చూపించాడు. మన దేశంలో సలీం అలీ 1941లో ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ తెచ్చి మామూలు మనిషి చేతికి ఈ విద్య అందించాడు. ఫొటోల పుస్తకం కంటే గీసిన బొమ్మల పుస్తకమే మేలంటాను. ఫొటోలో ఉండేది ఆ పూట, ఆ ఎండలో దొరికిన ఒక్క పిట్ట. చిత్రకారుడు ఒకదానికొకటి పోలిన పక్షుల్ని ఒకే భంగిమలో పక్కపక్కన నిలబెడతాడు, తేడా అక్కడ తెలుస్తుంది. ఫోన్‌లో మెర్లిన్ యాప్ ఫొటో చూసో, కూత వినో పేరు సూచిస్తుంది. ఆ పేరు సరైనదో కాదో తేల్చాల్సింది మాత్రం మీ కళ్లే.

గుడ్లు పెట్టే కాలం వస్తే ఈ లెక్కలు మారతాయి. పశువుల కొంగ తల, మెడ, వీపు నారింజ రంగుకు తిరుగుతాయి. పెద్దదాని పసుపు ముక్కు నల్లబడుతుంది. చిన్న తెల్లకొంగ తల వెనక రెండు పొడవాటి ఈకలు వేలాడతాయి, వీపు మీద సన్నటి కుచ్చు వస్తుంది. ఆ కుచ్చుల కోసమే ఒకప్పుడు పడమటి దేశాల ఆడవాళ్ల టోపీలకని, గూళ్లలో పిల్లలుండగానే కొంగల్ని చంపేశారు. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. అడవి పక్షుల ఈకలు మన దేశం నుంచి ఎగుమతి చెయ్యకుండా 1902లో నిషేధించారు.