ఒడ్డున పడ్డ గడ్డి

పోయిన జూన్‌లో మా అమ్మ మచిలీపట్నం నుంచి వచ్చినప్పుడు కేప్ కాడ్ తీసుకెళ్ళాం. ఒడ్డు పొడుగునా ఎండి నల్లబడ్డ గడ్డి, చిక్కుపడ్డ క్యాసెట్ టేపులా పడి ఉంది.

"అమెరికాలో కూడా ఊడ్చేవాళ్ళు లేరట్రా?" అంది అమ్మ.

నాకు పౌరుషం వచ్చి, పిల్లల ప్లాస్టిక్ పారతో ఆ గడ్డిని పక్కకు లాగటం మొదలుపెట్టాను. కింద నుంచి మినపగింజలంత పురుగులు బిలబిలా గెంతాయి. (పురుగులంటున్నాను గాని, అవి రొయ్యలకు దూరపు చుట్టాలు.) కాస్త అవతల తాడు కట్టి పక్షుల గూళ్ళు కాపలా కాస్తున్న వలంటీరు ఒకామె వచ్చి, "అది వాటి భోజనమండీ" అంది మర్యాదగానే. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ పక్షి పైపింగ్ ప్లవర్. అట్లాంటిక్ తీరంలో దీన్ని 1986 నుంచి చట్టం కాపాడుతోంది. దూదిఉండల్లాంటి పిల్లలు గుడ్డులోంచి వచ్చిన కొద్ది గంటలకే తమ తిండి తామే వెతుక్కోవాలి. తల్లి నోటికి అందించదు. గడ్డి ఊడ్చేస్తే వాటి ముందు విస్తరి లాగేసినట్టే.

ఇంటికొచ్చి చదివితే తెలిసింది, ఇది నాచు కాదట. వేళ్ళు, పూలు, గింజలు అన్నీ ఉన్న అసలైన మొక్క, పేరు ఈల్‌గ్రాస్. సముద్రం అడుగున పెరిగి, రాల్చిన ఆకుల్ని అలలకిస్తుంది. ఒడ్డున ఆ ఆకుల వరసకు గాలికొచ్చే ఇసుక తట్టుకుని ఆగుతుంది. ఆకులు కుళ్ళి ఎరువవుతాయి. అందులో తీరపు గడ్డి మొలిచి, వేళ్ళతో ఇసుకను పట్టుకుంటే దిబ్బ లేస్తుంది. తుఫాను అలలకు ముందు ఎదురు నిలిచేది ఆ దిబ్బే. ఇదంతా చెబితే అమ్మ, "చేను గట్టు మీద గరిక లాంటిదన్నమాట" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

1890లలో బోస్టన్ కంపెనీ ఒకటి ఈ గడ్డినే ఎండబెట్టి, కాగితాల మధ్య కుట్టి, చలి ఆపటానికి ఇంటి గోడల్లో పెట్టే బొంతగా అమ్మింది. 1930లలో తెగులు సోకి అట్లాంటిక్ తీరాల ఈల్‌గ్రాస్ సుమారు 90 శాతం పోయింది. దాన్ని తిని బతికే బ్రాంట్ బాతులు బాగా తగ్గిపోయాయి. దాని ఆకుల మీద మాత్రమే బతికే ఒక చిన్న నత్త జాతి పూర్తిగా అంతరించింది.

తడి గడ్డి కుప్పలు కంపు కొడతాయి, కాదనను. కాని యంత్రంతో గీకిస్తే గడ్డితో పాటు ఇసుకా పోతుంది. ప్లాస్టిక్ ఏరటానికి చేతులు చాలు.

ఆ రోజు మేము చాప ఇరవై అడుగులు వెనక్కి జరిపి పులిహోర పొట్లాలు విప్పాం. అమ్మ మాత్రం గడ్డిలోంచి ఒక బెలూన్ రిబ్బను ఏరి, చుట్ట చుట్టి, తన సంచిలో వేసుకుంది.