మైక్ మార్చినా మారని గొంతు: గొంతు నొప్పి స్కోర్ యాప్‌తో నా అనుభవం

మైదుకూరు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేస్తే మాట ముద్దముద్దగా వినిపించింది. పదివేల లోపు ఫోన్ అది, కొనిపించింది నేనే. "బావా, మూడు దినాల నుంచి గొంతు నొప్పి" అంటున్నాడు. నాకేమో మైక్ మీదే అనుమానం. "రంధ్రంలో దుమ్ము పోయుంటుంది, తుడుచుకో రా" అన్నా. పాపం, తుడవడమే కాదు, సాయంత్రానికి షాపులో 400 ఇచ్చి మైక్ కూడా మార్పించాడు. అయినా మాట అట్లే ఉంది. నోట్లో వేడి సంగటి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు!

అప్పుడు కర్నూలులో కూర్చుని నా ఫోన్‌లో ఎండీక్యాల్క్ తెరిచాను. గ్రాహం వాకర్ అనే ఎమర్జెన్సీ డాక్టర్ 2005లో మొదలుపెట్టిన వైద్య కాలిక్యులేటర్ ఇది. యాప్ ఉచితం, స్క్రీన్ నీట్‌గా ఉంటుంది, వాడటం తేలిక. కానీ డాక్టర్ల కోసం చేసింది, మనలాంటి వాళ్ల కోసం కాదు. అందులో గొంతు నొప్పికి సెంటార్ స్కోర్ ఉంది. జ్వరం, దగ్గు లేకపోవడం, మెడ ముందు బిళ్లకట్టి నొప్పి, టాన్సిల్స్ మీద వాపు లేదా తెల్లపొర: ఒక్కోదానికి ఒక పాయింట్. 1998లో మెకైజాక్ దీనికి వయసు కూడా కలిపాడు. వాడికి మూడు వచ్చాయి. టాన్సిల్స్ సంగతి తెలీలేదు, నోరు సరిగ్గా తెరుచుకోవట్లేదన్నాడు. "సరే, రేపు చూపించుకో" అని ఫోన్ పెట్టేశా.

తప్పు యాప్‌ది కాదు, నాదే. ఆ స్కోర్ చెప్పేది స్ట్రెప్ బ్యాక్టీరియా ఉండే అవకాశం ఎంతో, అంతే. 1981లో అమెరికాలోని వర్జీనియాలో 286 మంది పెద్దవాళ్లను చూసి సెంటార్ బృందం దాన్ని తయారుచేసింది. నాలుగుకు నాలుగు వచ్చినా స్ట్రెప్ తేలింది 56 శాతం మందిలోనే. టాన్సిల్ పక్కన చీము గడ్డ ఉందా అని అది అసలు అడగదు.

నోరు తెరుచుకోలేదన్న మాట మనసులో మెదులుతూనే ఉంది. రాత్రి వెతికితే లివర్‌పూల్ స్కోర్ కనిపించింది. ఈఎన్‌టీ కాని వైద్య సిబ్బంది కోసం, సరిగ్గా ఈ చీము గడ్డ గురించే చేసింది. చూసేవి ఐదు: నొప్పి ఒక్క పక్కనేనా, దవడ బిగుసుకుందా, మాట మారిందా, కొండనాలుక పక్కకు జరిగిందా, రోగి మగవాడా. చదువుతుంటే ఒళ్లు జలదరించింది. కొండనాలుక తప్ప మిగతా నాలుగూ ఫోన్‌లోనే తెలిసిపోతాయి. మాట మారిందని నేను పొద్దున్నే విన్నా, విని మైక్ తుడవమన్నా!

వెంటనే వీడియో కాల్ చేశా. ఫ్లాష్ వేసినా ఏమీ కనపడలేదు, పళ్ల మధ్య వేలు కూడా దూరట్లేదు. ఇక్కడ కెమెరా ఎన్ని మెగాపిక్సెల్ అయితే ఏం లాభం? ఉమ్మి కూడా మింగలేకున్నాడు. "ఇప్పుడే కడపకు పో, ఊపిరి ఆడకపోతే 108కి చెయ్యి" అన్నా. ముదిరితే ఆ వాపు శ్వాసదారికే అడ్డం పడుతుంది.

అక్కడ డాక్టర్ ఏ యాప్ తెరవలేదు. నోరు తెరవమన్నాడు, తెరుచుకోలేదు, వెంటనే అర్థమైంది. సూదితో చీము లాగి, యాంటీబయాటిక్ ఎక్కించారు.

ఎండీక్యాల్క్‌ను ఫోన్‌లోంచి తీసెయ్యలేదు. మంచి యాప్, డాక్టరు చేతిలో. మూడోరోజు వాడే ఫోన్ చేశాడు, గొంతు గంటలా ఉంది. "బావా, మైక్ డబ్బులు 400 ఎప్పుడిస్తావ్?"