పలకరాయి పొరలు, లినక్సు పొరలు: కొన్ని విశేషాలు

మార్కాపురం చుట్టుపక్కల గనుల్లో తీసే పలకరాయి అంచున ఉలి పెట్టి తడితే పలచటి రేకులుగా విడివడుతుంది. నీటి అడుగున మట్టి ఏ వరసలో పేరుకుందో, రాయి ఆ వరసలోనే చీలుతుందని అనుకుంటాం. పలకరాయి సంగతి అది కాదు. భూమి లోపలి ఒత్తిడికి అభ్రకం లాంటి సన్నటి రేణువులు ఆ ఒత్తిడికి అడ్డంగా వరసదీరతాయి. చీలిక వాటి వెంటే నడుస్తుంది. ఈ రాళ్ల సమూహానికి భూగర్భ శాస్త్రజ్ఞులు మన కంభం ఊరి పేరే పెట్టారు.

లినక్సులోనూ ఒక పొరల అమరిక ఉంది, పేరు ఓవర్‌లే ఎఫ్ఎస్. మిక్లోష్ సెరెడి రాసిన ఇది 2014 డిసెంబరులో, 3.18 కెర్నెల్‌తో, లినక్సులో భాగమైంది. కింద చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని పొరలు, పైన రాయడానికి ఒక పొర ఉంటాయి. మన కంటికి మాత్రం అన్నీ కలిసి ఒకే డైరెక్టరీగా కనిపిస్తాయి. చిక్కు వచ్చినప్పుడు ముందు తేల్చాల్సింది ఒక్కటే: నేను చూస్తున్న ఫైలు ఏ పొరలోది?

కింది పొరలోని ఫైలును చెరిపినా అది చెరగదు! పై పొరలో అదే పేరుతో, 0, 0 అంకెలతో ఒక క్యారెక్టర్ డివైజు పుడుతుంది. దాన్ని వైట్‌అవుట్ అంటారు. అది ఉన్నంతకాలం కింది ఫైలు కనపడదు, అంతే. ఇలాంటి పొరలతోనే కట్టే డాకర్ ఇమేజిలో, ఒక పొరలో పెద్ద ఫైలు పెట్టి తర్వాతి పొరలో తుడిచినా పరిమాణం తగ్గకపోవడానికి కారణం ఇదే. పరిమాణం సంగతి అలా ఉంచండి, తుడిచేశామనుకున్న పాస్‌వర్డు కూడా కింది పొరలో భద్రంగా ఉంటుంది. ఇమేజి చేతికొచ్చిన ఎవరైనా తీసి చదువుకోవచ్చు.

కింది ఫైలులో ఒక్క అక్షరం మార్చినా ఫైలు మొత్తం పై పొరకు కాపీ అవుతుంది. 2018లో 4.19 కెర్నెల్ వచ్చేదాకా దీన్నుంచే ఒక వింత చిక్కు పుట్టేది. ఒక ప్రోగ్రాం ఏదో లాగ్ ఫైలును చదవడానికి తెరిచి కూర్చుంది. ఇంకో ప్రోగ్రాం అదే ఫైలులో రాసింది. రాసినవన్నీ పై పొరలోని కొత్త కాపీలోకి వెళ్లేవి, మొదటి ప్రోగ్రాం మాత్రం కింది పాత కాపీనే చూస్తూ ఉండేది. లాగ్ కదలడం లేదని గంటలు గంటలు తల పట్టుకునేవారు. ఫైలు మూసి మళ్లీ తెరిస్తే కొత్త వరసలు కనిపించేవి.

ఓవర్‌లే మౌంట్ కాకపోతే తెర మీద వచ్చే సందేశాన్ని నమ్ముకోవద్దు. ఫైల్ సిస్టమ్ రకం తప్పో, ఆప్షన్ తప్పో, సూపర్‌బ్లాక్ పాడైందో అంటూ అన్ని కారణాలూ ఒకే వాక్యంలో చెబుతుంది. అసలు కారణం చాలాసార్లు కెర్నెల్ లాగ్‌లో ఉంటుంది. పై పొర డైరెక్టరీ, ఓవర్‌లే తన పనికి వాడుకునే వర్క్ డైరెక్టరీ వేర్వేరు ఫైల్ సిస్టముల మీద ఉంటే మౌంట్ కాదు. ఎన్ఎఫ్ఎస్ పై పొరగా పనికిరాదు.

కింది పొరలు ఒకటికంటే ఎక్కువ ఇవ్వొచ్చు, కోలన్‌తో విడదీయాలి. ఎడమ చివరిది అన్నిటికంటే పైది. వరస తిరగబడితే దోషమేమీ చూపకుండా పాత ఫైలే కనిపిస్తుంది. మౌంట్ అయి ఉండగా కింది పొరను నేరుగా మార్చకూడదు. కెర్నెల్ కూలిపోదు గానీ ఏం కనిపిస్తుందో ఎవరూ హామీ ఇవ్వరు.

పొరల దారులన్నీ రాసే మౌంట్ ఆప్షన్ల వాక్యం మామూలుగా ఒక మెమరీ పేజీలో, అంటే 4096 బైట్లలో ఇమడాలి. పొరలు పెరిగితే పొడుగు దారుల పేర్లు పట్టవు. అందుకే డాకర్ ‘ఎల్’ అనే డైరెక్టరీలో పొట్టి పేర్లతో లింకులు పెట్టుకుంటుంది.

ఓపెన్‌వర్ట్ నడిచే వైఫై రూటర్లలో చాలావాటిదీ ఇదే పద్ధతి. రీసెట్ మీట నొక్కి పట్టుకుంటే పై పొర ఖాళీ అవుతుంది, ఓపెన్‌వర్ట్ ఫర్మ్‌వేర్ కింద అలాగే ఉంటుంది. చోటు కోసం ఫర్మ్‌వేర్‌తో వచ్చిన ప్యాకేజీని తీసేస్తే ఒక్క బైటూ మిగలదు, పైగా వైట్‌అవుట్‌లకు ఇంకాస్త ఖర్చవుతుంది. నిజంగా చోటు కావాలంటే ఆ ప్యాకేజీ లేకుండా ఫర్మ్‌వేర్‌నే కొత్తగా తయారు చేసుకోవాలి.