నేరమొకచోట, నింద వేరొకచోట

ప్రోగ్రామరు వ్రాసిన సంకేతములను ఒక్కొక్క పంక్తిగా చదువుచు, యంత్రమునకు బోధపడు బైట్లలోనికి మార్చెడి అసెంబ్లరు, దోషము తటస్థించినపుడు పలుకు మాటలు మిక్కిలి పొదుపుగా నుండుటయే గాక, అవి వ్రేలెత్తి చూపు చోటు తరచుగా దోషము పుట్టిన చోటు కాకపోవుటయు కలదు. దానికి తెలిసినది వ్యాకరణమే. వ్రాసినవాని యుద్దేశము దానికి తెలియదు.

1978లో ఇంటెల్ వారు వెలువరించిన 8086 ప్రాసెసరుకు ప్రోగ్రాము వ్రాయుచు, ‘ఎమ్‌ఓవీ’ అను ఆజ్ఞలో చివరి రెండక్షరములు తారుమారై ‘ఎమ్‌వీఓ ఏఎక్స్, బీఎక్స్’ అని పడినదనుకొందము. నాస్మ్ అను అసెంబ్లరు అట్టి యాజ్ఞ లేదని చెప్పదు. తన పట్టికలో కానరాని ఆ తొలి మాటను లేబులుగా, అనగా ప్రోగ్రాములోని ఆ స్థానమునకు మనము పెట్టుకొన్న పేరుగా స్వీకరించి, దాని వెనుక ఆజ్ఞకు మారుగా ప్రాసెసరులో విలువలు ఉంచు చోట్లలో నొకటియగు ఏఎక్స్ అను రిజిస్టరు వచ్చుట చూచి, ‘ఇచ్చట ఆజ్ఞ ఉండవలెను’ అని మొరపెట్టును. ఆజ్ఞ ఎదుటనే యున్నది గదా యని విస్తుపోవు విద్యార్థికి, తన పంక్తిని అసెంబ్లరు ఎట్లు విరిచి చదివినదో తోచునంతవరకు ఆ మాట యర్థము కాదు.

అంతకంటె విచిత్రమైనది వేరొక అసెంబ్లరగు పూర్వపు మాస్మ్‌లోని ‘ఫేజ్ ఎర్రర్’. ఆ అసెంబ్లరు ప్రోగ్రామును రెండుమార్లు చదువును: మొదటి పఠనమున ప్రతి ఆజ్ఞకు ఎన్ని బైట్లు పట్టునో లెక్కించి లేబుళ్ల చిరునామాలను నిర్ణయించును, రెండవ పఠనమున బైట్లను వెలువరించును. ముందెక్కడనో నిర్వచింపబడు పేరు తగిలినపుడు మొదటిసారి ఊహతో లెక్కగట్టును. తీరా రెండవసారి ఆ పేరు వేరొక సెగ్మెంటులోనిదని, అనగా మెమరీలోని మరియొక విభాగములోనిదని తేలి, ఆ సంగతి తెలుపు బైటొకటి చేర్పవలసివచ్చినచో, తరువాతి లేబుళ్లన్నియు ఒక్కొక్క బైటు ముందుకు జరిగిపోవును. నింద మాత్రము, ఒక వీధిలో దొంగ దూరగా పై వీధి కుక్క మొరిగినట్లు, ఆ తరువాతి లేబులుపై పడును. నిర్దోషియైన ఆ లేబులును ఎంత దిద్దినను ప్రయోజనము సున్న. అచటినుండి పైపంక్తులు వెదకుకొనుచు పోవలెను. ‘ఇచ్చటికి వచ్చునప్పటికి లెక్క తప్పినది’ అని ఆ సందేశమును కూర్చియుండినచో, ఎందరో సుఖముగా నిద్రించియుందురు.

పదహారు ఆధారముగా గల సంఖ్యలలో ఏ మొదలు ఎఫ్ వరకు అక్షరములును అంకెలే యగుటచే మరియొక చిక్కు కలదు. చివర హెచ్ చేర్చి ఆ పద్ధతిని సూచించుచు 255ను ‘ఎఫ్‌ఎఫ్‌హెచ్’ అని వ్రాసినచో, అక్షరముతో మొదలగునదెల్ల పేరే యను నియమము చొప్పున, ‘నిర్వచింపబడని పేరు’ అను నింద వచ్చును. ముందొక సున్న చేర్చిన చాలును. కష్టమంతయు నింద రానపుడే. క్రొత్త పంక్తికి దింపు సంకేతము 10. దానిని ‘0ఏహెచ్’ అనుటకు మారుగా సున్న విడిచి ‘ఏహెచ్’ అన్నచో, అది సాక్షాత్తు ఒక రిజిస్టరు పేరే గనుక అసెంబ్లరు కిమ్మనక అంగీకరించును. డాస్ అను ఆపరేటింగ్ సిస్టములో ఒక అక్షరమును తెరపై చూపుటకు ఆ రిజిస్టరులోనే ముందుగా 2 ఉంచుట కద్దు. కావున ఆ 2యే అక్షరముగా చెల్లి, పంక్తి మారుటకు బదులు ఐబీఎమ్ పీసీ తెరపై నవ్వు మొగమొకటి ప్రత్యక్షమగును.